నడుపువాడా? నడిపించువాడా?

కోదాడనుండి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు పోవు బాట ఒకనాడు ఎడ్లబండ్ల బాట. నేడది 167వ జాతీయ రహదారి. అటు జడ్చర్ల, కల్వకుర్తి వైపునుండి పాలమూరును మన ప్రాంతముతో కలిపి, ఇటు కోదాడవద్ద హైదరాబాదు–విజయవాడ రహదారిలో గలియుచున్నది. రేయింబవళ్ళు దీనిపై సాగు లారీలలో ధాన్యము గలదు, సిమెంటు గలదు, బొగ్గు గలదు. వీని నడుమనే పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు ట్యాంకర్లును, ఆమ్లములును, ఔషధ కర్మాగారములకు బోవు ద్రావకములును, రాతిగనులకు బోవు మందుసామానును గలవు. ధాన్యపు లారీ బోల్తాపడినచో గింజలు నేలపాలగును. ఈ రెండవ తెగలో ఒకటి బోల్తాపడినచో దాపుననున్న వాడకట్టు బూడిదపాలగును. ఈ భేదమును దూరమునుండియే తెలుపుటకై అట్టి బండ్లపై ఒక పలకయు, పలకపై నాలుగంకెల సంఖ్యయు, మూలలపై నిలిపిన చతురస్రము వంటి రంగుగుర్తును ఉండవలెనని నియమము. 1203 అనిన పెట్రోలు. 1075 అనిన వంటగ్యాసు. 1942 అనిన అమ్మోనియం నైట్రేటు. ఈ సంఖ్యలు ఐక్యరాజ్యసమితి నిర్ణయించినవి, లోకమంతటికి ఒక్కటే. ఆ బండి ప్రక్కన టీ త్రాగుచున్న మన రైతునకు మాత్రము అది ఏదో బండి నెంబరు.

ఇక దుర్ఘటన జరిగెననుకొందము. మొట్టమొదట అరెస్టగువాడు డ్రైవరు, బ్రతికియున్నచో. చనిపోయినచో నేరమంతయు ఆతని నెత్తిననే వేసి దస్త్రము కట్టివేయుదురు. మా వృత్తిలో మేము చూచిన ఇట్టి మొకద్దమాలలో సరకు పంపిన వర్తకుని పేరు ముద్దాయిల వరుసలో కనబడుట బహు అరుదు. ఆతడు సాక్షిగా వచ్చును. లేనిచో ఇన్సూరెన్సు కాగితములపై సంతకముగా వచ్చును. చట్టము ఇట్లుండుమని చెప్పలేదు. చట్టము చెప్పినది వేరు, కచేరీలలో జరుగుచున్నది వేరు. ఈ వారము మేము పాఠకులకు మనవి చేయదలచినది ఈ ఒక్క సంగతియే.

ఈ సంగతి హుజూర్‌నగర్‌కు ఏల ముఖ్యమో ముందు చెప్పవలెను. కృష్ణ ఒడ్డున మఠంపల్లి, మేళ్ళచెరువు, చింతలపాలెం, పాలకీడు మండలముల నేల అడుగున సున్నపురాయి పరచుకొనియున్నది. దానిని నమ్ముకొని సిమెంటు కర్మాగారములు వెలసినవి. అవి మన ప్రాంతమునకు కూలి తెచ్చినవి, ధూళియు తెచ్చినవి, రెంటిని మేమెరుగుదుము. రాయి పగులనిదే సిమెంటు లేదు, మందు పెట్టనిదే రాయి పగులదు, మందు బాటమీద రానిదే గనికి చేరదు. గనిలో పేల్చునపుడు సైరను మ్రోగును, ఎఱ్ఱజెండా ఎత్తుదురు, మనుష్యులను దూరముగా నిలుపుదురు. అదే మందు గనికి రాకమునుపు బడిముందుగా, సంతముందుగా, బస్టాండు ముందుగా వచ్చుచున్నది. అప్పుడు సైరను లేదు, జెండా లేదు.

నేటి గనులలో వాడు మందునకు మూలము అమ్మోనియం నైట్రేటు. చూచుటకు తెల్లని గుళికలు, పొలమున చల్లు ఎరువునకు దగ్గరి చుట్టము. నూటికి 94 పాళ్ళు ఈ గుళికలును 6 పాళ్ళు డీజిలును కలిపిన అదియే పేలుడు మందగును. తనంతట తాను శాంతమైనదే. కాని నిప్పు సోకి, ఇరుకున బిగింపబడి, నూనెయో చెత్తయో కలిసెనా, దాని స్వభావము మారిపోవును. 2020 ఆగస్టు 4 నాడు బీరూటు రేవున ఏండ్లతరబడి పడియున్న 2,750 టన్నుల నిలువ పేలి, 200 మందికి పైగా చనిపోయిరి. ఆ వార్త విన్న వెంటనే మన దేశమున అధికారులు మేల్కొని చూడగా, చెన్నపట్టణము చెంత 2015నుండి కస్టమ్స్ వారి అధీనమున సుమారు 700 టన్నుల ఇదే సరకు 37 కంటెయినర్లలో పడియుండెను. అయిదేండ్లు కదలని సరకు అయిదు దినములలో కదలెను. వేలము పాడుకొన్న హైదరాబాదు కంపెనీకై లారీలపై కెక్కించి, తెలుగు జిల్లాల మీదుగా పంపిరి. సరకు క్షేమముగనే చేరినది, సంతోషము. కాని అడుగవలసిన ప్రశ్న ఒకటి గలదు. ప్రపంచమంతయు చూచుచున్న వారమున చేయగలిగిన జాగ్రత్త ఎవ్వరును చూడని వారమున ఏల చేయరు?

చేయనిచో ఏమగునో కడప జిల్లావారు చూచిరి. 2021 మే 8 నాటి ఉదయము కలసపాడు మండలమున మామిళ్ళపల్లె ముగ్గురాళ్ళ గనిలో, బండిపై తెచ్చిన జిలెటిన్ కడ్డీలను దించుచుండగా ప్రేలుడు సంభవించినది. 10 మంది కూలీలు మరణించిరి. దేహములు ఆనవాలు పట్టరాని స్థితిలో చెదరిపోయినవి. దించుట అనగా రవాణాలో చివరి అంకము. బండి ఆగినది గదా, ఇక భయములేదని అందరును అనుకొను ఘడియ అది. చనిపోయినవారు మందు కొన్నవారు కారు, అమ్మినవారు కారు, దినకూలికై వచ్చినవారు. ఆ యేడే జనవరి 21 రాత్రి కర్ణాటకమున శివమొగ్గ దాపుననున్న హుణసోడు గ్రామమున రాతిక్వారీ దగ్గర మందుసామాను లారీ పేలి కొందరు మరణించిరి. చుట్టుప్రక్కల జిల్లాలవారు భూకంపమనుకొని ఇండ్లనుండి బయటికి పరుగెత్తిరి. ఆ మందు అనంతపురము జిల్లా రాయదుర్గమువైపునుండి వచ్చినదని పోలీసులు చెప్పిరి. ఎన్ని ఊళ్ళు దాటి వచ్చినదో లెక్కింపుడు. ఆ ఊళ్ళలో ఏ ఒక్కదానికిని అది తమ వాకిలిముందు నుండి పోయినదని తెలియదు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయము చెప్పక తప్పదు. జిలెటిన్ కడ్డీ దానంతట పేలుట అరుదు. దానిని మేల్కొలుపునది డిటొనేటరు. చిటికెన వ్రేలంత గొట్టము, లోపల చిటికెడు మందు. దెబ్బకు తాళదు, వేడికి తాళదు. కావుననే ఈ రెంటిని వేరువేరుగా ఉంచవలెను, వేరువేరుగా తేవలెను అనునది ప్రేలుడు పదార్థముల రవాణాకు మొదటి అక్షరము. దీనిని తెచ్చు బండికి ప్రత్యేకముగా లైసెన్సుండవలెను. నిప్పుకణికను గడ్డివామును ఒకే బండిపై వేయరాదని మన రైతునకు ఎవరును చెప్పనక్కరలేదు. కాని ఒక బండి కిరాయి మిగులునని జీపు వెనుక కడ్డీలును, ముందుసీటు క్రింద డిటొనేటర్లును పెట్టుకొని పోవు మేస్త్రీలు చిన్న క్వారీలలో లేరని ఎవరైన ప్రమాణము చేయగలరా? పెద్ద కర్మాగారములకు పద్ధతి గలదు, లైసెన్సు వ్యానులు గలవు, అధికారుల రాకపోకలు గలవు. భయమంతయు చిన్న క్వారీలను గూర్చియు, వానికి మందు చేరవేయు చాటుమాటు బేరములను గూర్చియు.

మామిళ్ళపల్లెలో పోలీసులు కూలివానితోను బండివానితోను ఆగలేదు. గని నడుపువారిని, మందు సరఫరా చేసిన లైసెన్సుదారుని గూడ అరెస్టుచేసిరి. అనగా పంపువానిని పట్టుకొనుట అసాధ్యమేమియు గాదు. కాకపోతే అందులకు 10 ప్రాణములు పోవలసివచ్చినది. ప్రాణము పోకముందు ఏల పట్టుకొనరాదు?

చట్టము లేక గాదు. చట్టముల సంఖ్యలో మన దేశము ఎవరికిని తీసిపోదు. ప్రేలుడు పదార్థముల చట్టము 1884 నాటిది. పెట్రోలియము చట్టము 1934 నాటిది. రెండును ఆంగ్లేయులు తమ పాలనాకాలమున చేసినవి. అమలు చూచు శాఖ 1898లో ఏర్పడినది. నేడు దాని ప్రధాన కార్యాలయము నాగపూరులో గలదు. పరాయి ప్రభుత్వమునకు మందుసామానును గూర్చిన మొదటి భయము అది ఎవరి చేతిలో పడునో యను భయమే. కూలివాని ప్రాణమును గూర్చిన భయము రెండవది. తమ యుద్ధావసరము వచ్చినపుడు తమ నియమములను తామే ప్రక్కకు నెట్టిరి. 1944 ఏప్రిలు 14 నాడు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అను ఓడయందు సుమారు 1,400 టన్నుల ప్రేలుడు సామానును ప్రత్తిబేళ్ళను ఒక్కచోట నింపి తెచ్చిరి. ప్రత్తికి నిప్పంటినది, మందు పేలినది, వందలకొలది జనులు సమసిరి. స్వరాజ్యము వచ్చినపిదప నియమములు మారినవి. 2008లో ప్రేలుడు పదార్థములకును, 2012లో అమ్మోనియం నైట్రేటునకును క్రొత్త నియమావళులు వచ్చినవి. కాని మూల చట్టమున మందును అక్రమముగా రవాణా చేసినవానికి విధించిన శిక్ష రెండేండ్లవరకు కారాగారము, లేదా 3,000 రూపాయలవరకు జుర్మానా, లేదా రెండును. మూడువేల రూపాయలు! ఒక ట్రిప్పు కిరాయిలో మిగులు సొమ్ముతో చెల్లించివేయదగిన జుర్మానాను చూచి ఏ వర్తకుడు భయపడును?

మోటారు వాహనముల చట్టము ఇంతకంటె మేలు. 1988 నాటి ఆ చట్టమున 190వ సెక్షను మూడవ ఉపవిభాగమును చదివినవారికి మా వాదము బోధపడును. మానవప్రాణమునకు అపాయకరమైన సరకులను గూర్చిన నియమములను మీరి బండి నడుపువాడే గాదు, నడిపించువాడును, నడపనిచ్చువాడును నేరస్థుడే యని అందు స్పష్టముగా గలదు. 2019 సవరణతో మొదటి నేరమునకు జుర్మానా 10,000 రూపాయలకును, మరల చేసినచో 20,000 రూపాయలకును పెరిగినది. కారాగారము మొదటిసారి ఏడాదివరకు, తరువాత మూడేండ్లవరకు. శాసనకర్తలు ఆ మూడు మాటలను వృథాగా వేయలేదు. మొదటి మాటను మాత్రము చదివి, తక్కిన రెంటిని మరచుటయే మన ఠాణాలలో అలవాటైనది.

1989 నాటి కేంద్ర నియమములలో 129నుండి 137 వరకు గల వానిని చూడుడు. సరకు పంపువాడు ఆ బండికి సరియైన రిజిస్ట్రేషనును పర్మిటును గలవని, బండి ఆ సరకు మోయుటకు తగియున్నదని, ప్రథమచికిత్స సామగ్రియు విరుగుడు మందులును బండిలో గలవని తానే చూచుకొనవలెను. సరకు స్వభావమేమి, దానివలన కలుగు హాని యెట్టిది యని బండి యజమానికి సంపూర్ణముగా తెలుపవలెను. ఆ వివరములు వ్రాతలో, డ్రైవరు కూర్చుండు క్యాబినులో ఉండవలెను. దీనినే ట్రెం కార్డు అందురు. బండి ఆగినపుడు నిప్పునకు దూరముగా నిలిపి, కనిపెట్టుకొని ఒక మనిషి ఉండవలెను. చెడు జరిగినచో డ్రైవరు వెంటనే దగ్గరి ఠాణాకు తెలుపవలెను. పంపువాని విధులు మొదట, బండి యజమాని విధులు తరువాత, డ్రైవరు విధులు ఆ తరువాత వచ్చుచున్నవి. నియమకర్తలు వ్రాసిన వరుస ఇది. మన మొకద్దమాలలో వరుస తలక్రిందులుగా నున్నది.

డ్రైవరును మేము నిర్దోషి యనుట లేదు. త్రాగి నడుపువారు గలరు, ఢాబా పొయ్యికి పది అడుగుల దూరమున ట్యాంకరు నిలిపి నిద్రించువారు గలరు. అట్టివారిని శిక్షింపవలసినదే. కాని ఆతని స్థితి చూడుడు. ఇట్టి బండి నడుపుటకు మూడు దినముల శిక్షణ పొంది, లైసెన్సుపై దాఖలా చేయించుకొనవలెనని నియమము. మునుపు ఏటేట, 2019 సవరణ తరువాత మూడేండ్లకొకసారి లైసెన్సు మార్పించుకొని, ఒక దినము మరల శిక్షణ పొందవలెను. ఆ శిక్షణ యెంతమాత్రము నిజముగా జరుగుచున్నదో, ఎంతమాత్రము కాగితముపై జరుగుచున్నదో లారీవారినే అడిగి తెలిసికొనుడు. ట్రిప్పునకింత యని కూలి. ఎన్ని ట్రిప్పులైన అన్ని రూపాయలు. నిద్రకు లెక్క లేదు. క్యాబినులోని కార్డు ఇంగ్లీషున నుండును. ఊపిరి పీల్చరాదు, నీరు చల్లరాదు అని దానిపై వ్రాసియుండవచ్చును. ఆతడది చదివి గ్రహించులోపల పొగ క్యాబినులో నిండును. ఇట్టివానిని ఒక్కని బోనులో నిలిపి, బిల్టీ వ్రాసినవానిని సాక్షిగా పిలుచుట న్యాయమనిపించుకొనదు.

ఇప్పుడు రోడ్డు ప్రక్కవారిని గూర్చి. 1987 అక్టోబరు 29 తెల్లవారుజామున 3 గంటలకు, పూనా నుండి బెంగుళూరుకు పోవు రహదారిపై ఒక పెట్రోలు ట్యాంకరును లారీ తాకగా ట్యాంకరు పల్లమున బోల్తాపడెను. పెట్రోలు కారుచుండెను. నాలుగు గంటల వరకు నిప్పు లేదు. తెల్లవారినది, జనులు చేరిరి. ఏడుంబావు ప్రాంతమున ప్రేలుడు జరిగి అచ్చట గుమికూడినవారిలో కొందరు కాలి చనిపోయిరి. బండి యజమానియు ఇన్సూరెన్సువారును, బండి నాలుగు గంటలుగా కదలక పడియున్నది గనుక ఇది మోటారు ప్రమాదము గాదని వాదించిరి. 1991లో సుప్రీం కోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, పడిపోయినపిదప పేలినను అది బండి వాడుకవలన కలిగిన ప్రమాదమేయని తీర్పు చెప్పినది. ట్యాంకరు దగ్గర గాయపడినవారు, పోయినవారి కుటుంబములు తమ కెట్టి హక్కును లేదని వకీలు గుమాస్తా చెప్పిన మాట విని వెనుదిరుగనక్కరలేదని తెలుపుటకే ఈ తీర్పు నిక్కడ ఎత్తితిమి.

పాకిస్తానమున బహావల్‌పూరు చెంత 2017 జూన్ 25 నాడు బోల్తాపడిన ట్యాంకరునుండి పెట్రోలు పట్టుకొనుటకు ఊరంతయు బిందెలతో క్యానులతో వచ్చినది. 200 మందికి పైగా మరణించిరి. ఇది విని, ఎంత ఆశ, ఎంత అజ్ఞానము అని పట్టణవాసులు పెదవి విరుతురు. మేమట్లనజాలము. లీటరు పెట్రోలునకు సగము దినపు కూలి పెట్టువానికి అది నేలపై పారుచుండుట చూచి ఊరకుండుట కష్టము. పెట్రోలు ద్రవము మండదు, దానినుండి లేచు ఆవిరి మండునని ఆతనికెవరు చెప్పిరి? ఆ ఆవిరి గాలికంటె బరువైనది. కంటికి కనబడక, పల్లము వెంబడి పాకి, ఎక్కడనో వెలుగుచున్న బీడీని చేరి, మంటయై వెనుకకు వచ్చును. వంటగ్యాసును అట్టిదే. 2024 డిసెంబరు 20 తెల్లవారుజామున జయపూరు–అజమీరు రహదారిపై వంటగ్యాసు ట్యాంకరును లారీ గుద్దుకొనగా, కారిన గ్యాసు బాటనంతను ఆవరించి ఒక్క పెట్టున మండెను. వెనుక నిలిచిన బండ్లలోనివారు కూర్చున్నవారు కూర్చున్నట్లే కాలిరి. వారు పెట్రోలునకు ఆశపడినవారు గారు గదా.

బస్సుల సంగతి ఒక మాటతో ముగింతుము. 2025 అక్టోబరు 24 నాడు కర్నూలు దాపున చిన్నటేకూరువద్ద హైదరాబాదునుండి బెంగుళూరుకు పోవు ప్రయివేటు బస్సు కాలి సుమారు 20 మంది మరణించిరి. సామానుల అరలో వందలకొలది సెల్‌ఫోన్ల పార్సెలుండెననియు, వాని బ్యాటరీలు మంటను హెచ్చించెననియు ఫోరెన్సిక్ నిపుణులు చెప్పినట్లు పత్రికలలో వచ్చినది. లిథియం బ్యాటరీయు అపాయకరమైన సరకుల పట్టికలోనిదే. మనుష్యుల బండిలో సరకు వేయువాడు, వేయించుకొనువాడు, ఇరువురును జవాబుదారులే. పండుగ దినములలో మన పల్లె బస్సులలో టపాకాయల పెట్టెలు సీట్ల క్రింద పోవుచుండుట ఎవరెరుగరు?

దీనిపై కర్మాగారములవారు చెప్పు సమాధానము మాకు తెలియును. నియమములన్నియు పాటించినచో ఖర్చు పెరుగును, సిమెంటు ధర పెరుగును, పరిశ్రమ ఇంకొక రాష్ట్రమునకు పోవును. మొదటిది కొంత నిజమే. వేరొక వ్యాను పెట్టినచో దాని కిరాయి ఎవరో భరింపవలెను. కాని ఆ ఖర్చు ఇప్పుడు లేదా? ఉన్నది, బాట ప్రక్క గుడిసెవాడు దానిని భరించుచున్నాడు, తన యింటిని తన పిల్లలను తాకట్టుపెట్టి. 1985లో ఢిల్లీలో శ్రీరాం కర్మాగారమునుండి ఆమ్లవాయువు వెలువడిన మొకద్దమాలో, 1986 డిసెంబరులో సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి భగవతిగారు చెప్పిన సూత్రమిదియే: అపాయకరమైన పనిచేసి లాభము గడించువాడు, ఆ పనివలన కలిగిన నష్టమునకు పూర్ణముగా బాధ్యుడు, నేను జాగ్రత్త పడితినను మాట ఆతనిని రక్షింపదు. ఇంగ్లండులో 1868 నాటి నీటిచెరువు తీర్పున ఉన్న మినహాయింపులను గూడ మన న్యాయస్థానము త్రోసివేసినది. భోపాలులో వేలకొలది జనులు చచ్చిన రెండేండ్లకు వచ్చిన తీర్పు అది. కర్మాగారపు గోడలోపల వర్తించు ఈ ధర్మము, సరకు గేటు దాటి లారీ యెక్కగానే చచ్చిపోవునని మేమొప్పుకొనము.

శాసనమును ఒప్పుకొనలేదు. 1991 నాటి ప్రజా బాధ్యతా బీమా చట్టమున, అపాయకర పదార్థములను వాహనముపై తరలించుటయు చేరియున్నది. అట్టి పదార్థము ఎవరి అధీనమున ఉన్నదో వారు ముందుగా బీమా చేసియుండవలెను. ప్రమాదము జరిగినచో తప్పు ఎవరిదో రుజువు చేయనక్కరలేకయే బాధితులు జిల్లా కలెక్టరునకు దరఖాస్తు చేసికొనవచ్చును, గడువు అయిదేండ్లు. తొలుత చట్టమున చనిపోయినవానికి నిర్ణయించిన మొత్తము 25,000 రూపాయలు మాత్రమే, అది సిగ్గుచేటని వేరుగా చెప్పనేల? ఇది తక్షణ సహాయము మాత్రమే. పూర్తి నష్టపరిహారమునకు దావా హక్కు నిలిచియే యుండును. మా తాలూకాలో ఈ చట్టము క్రింద దరఖాస్తు వ్రాయుటెట్లో తెలిసిన గ్రామ కార్యదర్శి ఎందరని అడిగినచో వేళ్ళు మడువ పనిలేదు.

కావున మేము కోరునది క్రొత్త చట్టము గాదు. రవాణా శాఖవారును పోలీసువారును ఇట్టి బండిని తనిఖీచేసి తప్పు కనుగొన్నపుడు, చలానా డ్రైవరు పేర వ్రాసి ఊరకుండక, బిల్టీలో సరకు పంపినవాడెవడో చూచి ఆతనిపైనను 190వ సెక్షను క్రింద కేసు వ్రాయవలెను. సంవత్సరమునకు అట్టివి పది కేసులు నిలిచినచో చాలును. నాగపూరు కార్యాలయపు వంద సర్క్యులర్లు చేయలేని పని అవి చేయును. క్యాబినులోని కార్డు, బండిపై హెచ్చరిక, రెండును తెలుగున గూడ నుండవలెను. “దూరముగా ఉండుడు, నిప్పు వలదు, 112కు ఫోను చేయుడు” అని పెద్ద అక్షరములతో వ్రాయుటకు ఎంత రంగు కావలెను? సిమెంటు కంపెనీలు తమ గేటులోనికి మందు వ్యాను వచ్చు వేళలను, బాటను ఆయా గ్రామపంచాయతీలకు ముందుగా చెప్పినచో దొంగల భయమని అందురు. ఠాణాకు చెప్పుచున్నారు గదా; బడి విడుచు వేళలు మాత్రము తప్పించుడని సర్పంచు అడిగినచో దానివలన దొంగకేమి తెలియును?

జాతరల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. మహాశివరాత్రికి మేళ్ళచెరువు శంభులింగేశ్వరుని సన్నిధికి, జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సునకు, మట్టపల్లి నరసింహస్వామి కల్యాణమునకు లక్షలాది జనులు ట్రాక్టర్లపై, ఆటోలపై, కాలినడకను వత్తురు. దర్గాకు పోవువారిలో హిందువులెందరో, తురకలెందరో లెక్కించిన వారు లేరు. ఈ మూడు చోట్లును కర్మాగారముల బాటలమీదనే గలవు. ఆ దినములలో ఆ బాటలపై ట్యాంకరును గాని, మందువ్యానును గాని పగటివేళ పోనీయరాదు. కలెక్టరుగారి ఒక్క ఉత్తర్వుతో అగు పని యిది. కంపెనీలు నాలుగు దినముల నిలువ ముందుగా తెచ్చుకొన్నచో ఏ కొలిమియు చల్లారదు.

మన యువకులకును ఒక పని గలదు. 2011 సకల జనుల సమ్మె కాలమున ఈ రహదారులపై వేలమందిని నిలిపి, అంబులెన్సు వచ్చినపుడు క్షణములో దారి యిచ్చిన కార్యకర్తలు నేటికిని ప్రతి గ్రామమున గలరు. గుంపును నిలుపుట, వెనుకకు నడిపించుట వారు నేర్చిన విద్య. ట్యాంకరు బోల్తాపడిన మొదటి అరగంట ఫైరింజను ఎక్కడనో దారిలో నుండును. ఊరివాడే అక్కడ నుండును. గాలి వచ్చు వైపున నిలిచి, జనులను దూరముగా త్రోసి, బండ్ల ఇంజనులు ఆపించి, పొయ్యిలార్పించి, పలకపై సంఖ్య చదివి ఫోనులో చెప్పగల నలుగురుండిన చాలును. ఆ నలుగురిని తయారుచేయుటకు అగ్నిమాపక శాఖవారు గరిడేపల్లి, నేరేడుచర్ల, హుజూర్‌నగర్, మేళ్ళచెరువులలో ఒక్కొక్క పూట శిక్షణ యేర్పాటు చేయవలెను. ఖర్చు కంపెనీలు పెట్టుకొనవచ్చును.

సూర్యాపేటలో జిల్లా రహదారి భద్రతా సమితి కూడునపుడు మలుపులు, గుంతలు, హెల్మెట్లు చర్చకు వచ్చుచున్నవి, మంచిదే. రాబోవు సమావేశపు కార్యక్రమమున అపాయకర సరకుల రవాణాను మొదటి అంశముగా చేర్చి, గడచిన మూడేండ్లలో 190వ సెక్షను మూడవ ఉపవిభాగము క్రింద జిల్లాలో ఎన్ని కేసులు వ్రాసిరో, వానిలో సరకు పంపినవారిపై ఎన్నియో, ఆ లెక్కను బహిరంగముగా చదివింపవలెనని కలెక్టరుగారిని కోరుచున్నాము. ఆ లెక్కను ఈ పత్రికలో యథాతథముగా ప్రకటించుటకు మేము సిద్ధముగా నున్నాము.